పోర్ట్‌ల్యాండ్ మావెరిక్స్: ఎవరికీ అక్కర్లేని ఆటగాళ్లతో ఐదేళ్లు ఊపేసిన టీమ్.. హిట్ అయ్యాకే ఎందుకు మూతపడింది?

హాలీవుడ్ నటుడు కర్ట్ రస్సెల్ మన ఆడియన్స్‌కి తెలిసిన ముఖమే. 'ఫ్యూరియస్ 7'లో మిస్టర్ నోబడీగా కనిపించింది ఆయనే. అయితే ఆయన నాన్న బింగ్ రస్సెల్ గురించి మాత్రం చాలామందికి తెలీదు. బింగ్ కూడా నటుడే. కానీ అమెరికాలోని ఓ ఊళ్లో పాతతరం వాళ్లు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది సినిమాల వల్ల కాదు. ఒక బేస్‌బాల్ టీమ్ వల్ల.

ఆ ఊరు ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్. ఆ టీమ్ పేరు పోర్ట్‌ల్యాండ్ మావెరిక్స్. 1973లో పుట్టింది, 1977లో మూతపడింది. అంటే బతికింది కేవలం ఐదు సీజన్లు. ఒక్కసారి కూడా లీగ్ టైటిల్ గెలవలేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ టీమ్ గురించి మాట్లాడుకుంటున్నారు. డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

టీమ్ మూతపడింది నష్టాలొచ్చి కాదు. జనం రాక కాదు. ఆటగాళ్లు దొరక్క అసలే కాదు. మరి ఎందుకు? అది అర్థం కావాలంటే ముందు అమెరికా బేస్‌బాల్ ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

ఇండిపెండెంట్ టీమ్ అంటే ఏంటి?

అమెరికాలో బేస్‌బాల్‌కి పైమెట్టు మేజర్ లీగ్. న్యూయార్క్ యాంకీస్, లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ లాంటి పెద్ద టీమ్‌లన్నీ అక్కడే ఉంటాయి. దాని కింద మెట్లు మెట్లుగా మైనర్ లీగ్‌లు ఉంటాయి. చిన్న చిన్న ఊళ్లలో ఆడే ఈ టీమ్‌లలో ఎక్కువ శాతం ఏదో ఒక పెద్ద టీమ్‌కి అనుబంధంగా నడుస్తాయి. ఈ పద్ధతినే ఫామ్ సిస్టమ్ అంటారు. పొలంలో నారు పెంచినట్టు కుర్రాళ్లని కింద పెంచి, అదును చూసి పైకి నాటడం అన్నమాట. 1920, 30ల్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ టీమ్‌ని నడిపిన బ్రాంచ్ రికీ దీన్ని ఒక పద్ధతి ప్రకారం మొదలుపెట్టారు. తర్వాత మిగతా వాళ్లూ అదే దారి పట్టారు.

ఈ సిస్టమ్‌లో ఊరి టీమ్‌కి ఒక సౌకర్యం ఉంది. ఆటగాళ్ల జీతాలు పెద్ద టీమే ఇస్తుంది. కోచ్‌ని కూడా వాళ్లే పంపిస్తారు. కానీ ఒక చిక్కు కూడా ఉంది. ఊరి జనం అభిమానించే ఆటగాడు ఎవరో, వాడు ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు బ్యాగ్ సర్దుకుని వేరే ఊరికి వెళ్లాలో నిర్ణయించేది పైనున్న టీమే. ఈరోజు సిక్సర్ల మీద సిక్సర్లు కొట్టే మన ఊరి కుర్రాడు, రేపు ఫైనల్ ఉందనగా ఫ్లైట్ ఎక్కేస్తే ఎలా ఉంటుంది? మైనర్ లీగ్‌లో అది మామూలే. అక్కడ గెలుపు కన్నా ఆటగాడిని తయారుచేయడమే ముఖ్యం.

ఇండిపెండెంట్ టీమ్ అంటే ఇలా పైన ఏ పెద్ద టీమూ లేనిది. జీతాలు, బస్సు ఖర్చులు, బంతులు, బ్యాట్లు అన్నీ ఓనర్ జేబులోంచే. దానికి బదులుగా దక్కేది ఒక్కటే. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఆడించాలి అనేది పూర్తిగా వాళ్లిష్టం.

మొదట్లో చిన్న ఊళ్ల టీమ్‌లు చాలావరకు ఇలా సొంతంగానే నడిచేవి. 1949 నాటికి అమెరికాలో మైనర్ లీగ్‌లు 59 ఉండేవి. తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. మేజర్ లీగ్ మ్యాచ్ ఇంట్లోనే చూసే వీలుండగా ఊళ్లో మ్యాచ్‌కి టికెట్ కొనేదెవరు? లీగ్‌లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిగిలినవి బతకడానికి పెద్ద టీమ్‌ల నీడలోకి వెళ్లాయి. 1970లు వచ్చేసరికి సొంతంగా టీమ్ పెడతాను అనే మనిషిని అందరూ వింతగా చూసే పరిస్థితి.

సరిగ్గా అప్పుడే బింగ్ రస్సెల్ సీన్‌లోకి వచ్చారు.

ఊరొదిలి వెళ్లిపోయిన బీవర్స్

పోర్ట్‌ల్యాండ్‌కి అప్పటికే ఒక టీమ్ ఉండేది. పేరు బీవర్స్. పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో 1903 నుంచి ఆ ఊరి పేరుతో టీమ్ ఆడుతూ వచ్చింది. మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఉండే స్థాయి అది. కానీ జనం తగ్గిపోవడంతో 1972 సీజన్ అయిపోగానే బీవర్స్ ఊరు ఖాళీ చేసి, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌కి వెళ్లిపోయింది. పోర్ట్‌ల్యాండ్‌లో బేస్‌బాల్ పనైపోయిందన్నారు అంతా.

ఖాళీ అయిన ఆ ఊళ్లో కొత్త టీమ్ పెడతానని బింగ్ ముందుకొచ్చారు. అది కూడా పసిఫిక్ కోస్ట్ లీగ్ కన్నా చాలా కింద ఉండే నార్త్‌వెస్ట్ లీగ్‌లో. జూన్ నుంచి వేసవి చివరి వరకు మాత్రమే నడిచే షార్ట్ సీజన్ లీగ్ అది. అందులో మిగతా టీమ్‌లలో ఎక్కువగా కనిపించేది కాలేజీ అయిపోగానే పెద్ద టీమ్‌లు సంతకం చేయించుకున్న కుర్రాళ్లే. మంచి టీమ్ పోతేనే పట్టించుకోని ఊరు, ఇంత చిన్న లీగ్‌ని చూడ్డానికి వస్తుందా అని చాలామంది నవ్వారు.

టీమ్‌కి పెట్టిన పేరులో కూడా ఒక విషయం ఉంది. మావెరిక్ అంటే ఏ యజమాని ముద్రా పడని దూడ. టెక్సాస్‌లో శామ్యూల్ మావెరిక్ అనే పశువుల యజమాని తన మందకి ముద్రలు వేయించకపోవడంతో ఆ మాట పుట్టింది. మన దగ్గర అచ్చోసి వదిలిన ఆంబోతుకి అడ్డుండదు అంటాం కదా. అక్కడ రివర్స్. అచ్చు పడనిదే ఎవరి మాటా వినకుండా తిరుగుతుంది. పెద్ద టీమ్ ముద్ర లేని జట్టుకి ఇంతకన్నా మంచి పేరు ఏముంటుంది?

ఎవరీ బింగ్ రస్సెల్?

బింగ్ 1926లో పుట్టారు. చిన్నతనం ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గడిచింది. అప్పట్లో న్యూయార్క్ యాంకీస్ సీజన్ ముందు ప్రాక్టీస్‌కి వచ్చేది ఆ ఊరికే. పిల్లాడు పొద్దస్తమానం గ్రౌండ్‌లోనే తిరుగుతూ పెద్ద పెద్ద ఆటగాళ్లకి దగ్గరయ్యాడు. నరాల జబ్బుతో ఆటకి దూరమైన దిగ్గజం లూ గెరిగ్, తన చివరి హోమ్ రన్ కొట్టిన బ్యాట్‌ని ఈ పిల్లాడికే ఇచ్చారని చెబుతారు.

పెద్దయ్యాక బింగ్ కొన్నాళ్లు మైనర్ లీగ్‌లో ఆడారు. గాయంతో ఆట ఆగిపోయింది. తర్వాత నటనలోకి వచ్చారు. వెస్టర్న్ సినిమాల్లో, సీరియల్స్‌లో లెక్కలేనన్ని చిన్న పాత్రలు చేశారు. 'బొనాంజా' అనే ఫేమస్ టీవీ సీరియల్‌లో డిప్యూటీ క్లెమ్ పాత్ర ఆయన్ని జనానికి దగ్గర చేసింది. స్టార్ కాదు, కానీ ముఖం చూస్తే ఎవరైనా గుర్తుపట్టే నటుడు.

అంటే ఆట తెలుసు, జనాన్ని ఎలా నవ్వించాలో తెలుసు. ఈ రెండూ కలిసిన ఓనర్ మావెరిక్స్‌కి దొరికాడు. ఆయన పాలసీ కూడా చాలా సింపుల్. మ్యాచ్‌కి వచ్చినవాడికి సరదాగా ఉండాలి. ఆడేవాడికి కూడా సరదాగా ఉండాలి. అంతే.

'ఎవరైనా రావచ్చు' అని యాడ్ ఇస్తే..

టీమ్ సరే, మరి ఆటగాళ్లు? మంచి కుర్రాళ్లందరినీ పెద్ద టీమ్‌లు ముందే తీసేసుకున్నాయి. దాంతో బింగ్ ఓపెన్ సెలక్షన్స్ పెట్టారు. ఎవరైనా రావచ్చు, వచ్చి ఆడి చూపించొచ్చు అని దేశమంతా చదివే స్పోర్ట్స్ పేపర్లో ప్రకటన ఇచ్చారు.

వందల మంది దిగిపోయారు. ఇంకో ఛాన్స్ దొరుకుతుందన్న ఒక్క ఆశతో ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది పెద్ద టీమ్‌లు తీసుకుని, తర్వాత వదిలేసినవాళ్లే. వయసు దాటిందని, స్పీడ్ తగ్గిందని, మాట వినడని, గడ్డం పెంచాడని, ఏదో ఒక కారణంతో పక్కన పెట్టినవాళ్లు. అసలెప్పుడూ ఎవరూ పిలవని వాళ్లు కూడా ఉన్నారు.

ఐపీఎల్ వేలంలో అమ్ముడుపోని ఆటగాళ్లని, రంజీ నుంచి తప్పించిన వాళ్లని, గల్లీలో ఇరగదీసి ఏ సెలక్టర్ కంటా పడని వాళ్లని కలిపి ఒక టీమ్ కడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దాదాపు అదీ సీన్.

జీతం నెలకి కొన్ని వందల డాలర్లు. అది కూడా సీజన్ నడిచినన్ని రోజులే. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఇక్కడ బింగ్ చేసిన ఇంకో పని చూడండి. మిగతా టీమ్‌లు 25 మంది చుట్టూ ఆటగాళ్లని పెట్టుకుంటే ఆయన 30 మంది దాకా ఉంచుకునేవారు. ఓనర్‌గా చూస్తే అది అదనపు ఖర్చు. కానీ కొంతమందికి ఇంకొక్క సీజన్ ఆడే హక్కు ఉందని ఆయన అనుకున్నారు.

ఈ టీమ్‌లో క్యాచర్‌గా ఆడిన జిమ్ స్వాన్సన్ ఎడమచేతి వాటం మనిషి. క్యాచర్ అంటే క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు. ఎడమచేత్తో బంతి విసిరే క్యాచర్‌ని ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో దాదాపు ఎక్కడా పెట్టుకోరు. కుడిచేతి బ్యాటర్ అడ్డొచ్చి మూడో బేస్‌కి విసరడం కష్టమని ఒక పాత నమ్మకం. పద్ధతి ప్రకారం నడిచే టీమ్‌లో అతనికి ఆ చోటు దొరకడం చాలా కష్టం. మావెరిక్స్‌లో దొరికింది.

ఇక తొలి మ్యాచ్ సంగతి. 1973లో మావెరిక్స్ ఆడిన మొదటి గేమ్‌లోనే పిచ్చర్ జీన్ లాంథార్న్ నో హిట్టర్ వేశాడు. అంటే మ్యాచ్ మొత్తంలో అవతలి టీమ్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. బౌలర్లందరూ కల కనే రికార్డు అది. నవ్వినవాళ్లు ఒక్కసారిగా ఇటు తిరిగి చూశారు.

టీమ్‌ని నడిపింది వీళ్లే

మావెరిక్స్ స్టాఫ్ లిస్ట్ చూస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో స్టోరీ.

లానీ మాస్, జనరల్ మేనేజర్: టికెట్లు, ప్రయాణాలు, జీతాలు, గొడవలు.. గ్రౌండ్ బయట జరిగే ప్రతి పనీ జనరల్ మేనేజర్‌దే. ఆ కుర్చీలో బింగ్ ఒక యువతిని కూర్చోబెట్టారు. అప్పటికి ఆమె వయసు ఇరవైల్లోనే. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో తొలి మహిళా జనరల్ మేనేజర్‌గా ఆమె పేరు చెబుతారు. ఇది 1970ల మాట. స్పోర్ట్స్ ఆఫీసుల్లో ఆడవాళ్లు కనిపించడమే అరుదైన రోజులు అవి.

జాన్ యోషివారా, జనరల్ మేనేజర్: ఇదే పదవిలో పనిచేసిన మరో వ్యక్తి. ఆసియా మూలాలున్న తొలి అమెరికన్ జనరల్ మేనేజర్‌గా ఈయన పేరు నిలిచింది. ఆటగాళ్ల విషయంలో పెట్టుకున్న రూలే ఆఫీసులోనూ నడిచింది. పని చేయగలరా లేదా, అంతే.

ఫ్రాంక్ పీటర్స్, మేనేజర్: బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే గ్రౌండ్‌లో టీమ్‌ని నడిపే హెడ్ కోచ్. పీటర్స్ మాజీ ఆటగాడు, ఊళ్లో బార్ నడిపే మనిషి. 1974లో ట్రై సిటీస్ టీమ్‌తో జరిగిన ఒక మ్యాచ్‌లో ఈయన చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌కి తన ఆటగాళ్ల పొజిషన్లన్నీ మార్చుకుంటూ పోయాడు. పిచ్చర్ వెళ్లి ఫీల్డింగ్‌లో, ఫీల్డర్ వచ్చి పిచ్చింగ్‌లో. అయినా మావెరిక్స్ 8-7 తేడాతో గెలిచింది. పైనుంచి ఫోన్ చేసి తిట్టే పెద్ద టీమ్ లేదు కాబట్టే ఇలాంటివి సాధ్యమయ్యాయి.

జిమ్ బౌటన్, పిచ్చర్: ఈ పేరు అమెరికాలో అందరికీ తెలుసు. 1963లో యాంకీస్ తరఫున 21 మ్యాచ్‌లు గెలిపించిన స్టార్. తర్వాత 1970లో 'బాల్ ఫోర్' అనే పుస్తకం రాశారు. డ్రెస్సింగ్ రూమ్ లోపల ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు బయటపెట్టారు. తాగుడు, మాత్రలు, జీతాల బేరాలు అన్నీ. బేస్‌బాల్ పెద్దలకి అస్సలు నచ్చలేదు. పాత స్నేహితులు కొందరు మొహం చాటేశారు. అలాంటి బౌటన్ 1975లో మళ్లీ బంతి పట్టుకోవాలనుకున్నప్పుడు తలుపు తీసింది మావెరిక్సే. న్యూయార్క్‌లో టీవీ స్పోర్ట్స్ యాంకర్‌గా చేసిన మనిషి, కొన్ని వందల డాలర్ల జీతానికి చిన్న ఊళ్ల వెంట బస్సులో తిరిగారు. 1977లో మళ్లీ వచ్చారు. ఆ తర్వాతి ఏడాది, 39 ఏళ్ల వయసులో అట్లాంటా బ్రేవ్స్ టీమ్‌తో మేజర్ లీగ్‌లో మరోసారి పిచ్చింగ్ చేసి ఒక మ్యాచ్ గెలిచి చూపించారు.

రాబ్ నెల్సన్, పిచ్చర్: ఆటలో పెద్దగా పేరు రాలేదు. కానీ ఈయన ఐడియా మాత్రం అమెరికా కిరాణా షాపులన్నింటిలోకి వెళ్లింది. అప్పట్లో బేస్‌బాల్ ఆటగాళ్లకి పొగాకు నమలడం అలవాటు. మన దగ్గర ఖైనీ బుగ్గన పెట్టుకున్నట్టే. నెల్సన్‌కి ఆ పొగాకు పడేది కాదు. దాని బదులు చూయింగ్ గమ్‌నే సన్నగా తురిమి, పొగాకు సంచి లాంటి ప్యాకెట్‌లో వేసి అమ్మితే ఎలా ఉంటుందని బౌటన్‌తో అన్నారు. బౌటన్ డబ్బు పెట్టారు. 1980లో అది 'బిగ్ లీగ్ చ్యూ' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటికీ దొరుకుతుంది.

టాడ్ ఫీల్డ్, బ్యాట్ బాయ్: ఆటగాళ్లకి బ్యాట్లు అందించే పిల్లాడిని బ్యాట్ బాయ్ అంటారు. మావెరిక్స్‌లో ఆ పని చేసిన ఓ పోర్ట్‌ల్యాండ్ కుర్రాడు తర్వాత సినిమా డైరెక్టర్ అయ్యాడు. 'ఇన్ ది బెడ్‌రూమ్', కేట్ బ్లాంచెట్ నటించిన 'టార్' తీసిన టాడ్ ఫీల్డ్ ఈయనే. ఆస్కార్ నామినేషన్లు కూడా అందుకున్నారు.

జో గార్జా, ఆటగాడు: ఒకే టీమ్‌తో ఆడే సిరీస్‌లో మ్యాచ్‌లన్నీ గెలిస్తే ఇంగ్లిష్‌లో దాన్ని స్వీప్ అంటారు. అంటే ఊడ్చేయడం. అలా గెలిచే మ్యాచ్‌లో గార్జా చీపురు పట్టుకుని బయటికి వచ్చేవాడు. ఒక్కోసారి దానికి నిప్పంటించి మరీ ఊపేవాడు. జనం కూడా ఇళ్ల నుంచి చీపుర్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

కర్ట్ రస్సెల్, ఓనర్ కొడుకు: అప్పటికే డిస్నీ సినిమాల్లో నటించిన కర్ట్‌కి బేస్‌బాల్ అంటే పిచ్చి. కాలిఫోర్నియా ఏంజెల్స్ వాళ్ల మైనర్ లీగ్ టీమ్‌లో బాగా ఆడుతుండగా 1973లో భుజానికి దెబ్బ తగిలింది. ఆ తర్వాత నాన్న టీమ్‌లో కొన్ని మ్యాచ్‌లు ఆడారు. చివరికి పూర్తిగా సినిమాల వైపు వెళ్లిపోయారు.

1977: స్టేడియం నిండింది, పాత ఓనర్లకి ఆశ పుట్టింది

ఐదో సీజన్ నాటికి మావెరిక్స్ అంటే పోర్ట్‌ల్యాండ్‌లో ఒక ఊపు. 1977లో ఆ టీమ్ 66 మ్యాచ్‌లలో 44 గెలిచింది. సొంత గ్రౌండ్‌లో జరిగిన మ్యాచ్‌లకి మొత్తం 1,25,300 మంది వచ్చారు. షార్ట్ సీజన్ టీమ్‌లలో అప్పటికి అదే రికార్డు. ఏ ఊళ్లో అయితే జనం రావట్లేదని బీవర్స్ వెళ్లిపోయిందో, సరిగ్గా అదే ఊళ్లో. అంతకన్నా చాలా చిన్న లీగ్‌తో.

అయితే ఫైనల్లో కథ అడ్డం తిరిగింది. సియాటెల్ మేరినర్స్‌కి అనుబంధంగా నడిచే బెల్లింగ్‌హామ్ మేరినర్స్ చేతిలో మావెరిక్స్ ఓడిపోయింది. టైటిల్ చేతిదాకా వచ్చి జారిపోయింది.

అసలు దెబ్బ మాత్రం గ్రౌండ్ బయట తగిలింది. పోర్ట్‌ల్యాండ్‌లో మళ్లీ జనం టికెట్లు కొంటున్నారని పసిఫిక్ కోస్ట్ లీగ్ గమనించింది. మా ఊరు మాకు ఇచ్చేయండి అంటూ వచ్చింది. వినడానికి అన్యాయంగా ఉన్నా, అప్పటి రూల్స్ వాళ్ల వైపే ఉన్నాయి. పై స్థాయి లీగ్ కావాలనుకుంటే కింది స్థాయి లీగ్ ఆడుతున్న ఊరిని తీసుకోవచ్చు. కాకపోతే అక్కడున్న టీమ్‌కి నష్టపరిహారం కట్టాలి.

అంటే ఖాళీగా పడున్న ఇంట్లో ఒకాయన చేరి, బూజు దులిపి, సున్నం వేసి, నాలుగు మొక్కలు పెట్టాక, పాత యజమాని వచ్చి 'ఇక లేవండి' అన్నట్టు.

ఇంటికి రేటెంత?

టీమ్‌ని ఆపే దారి బింగ్‌కి లేదు. చేతిలో మిగిలింది ఒక్కటే. ఊరికి రేటు ఎంత కట్టాలి అన్న వాదన. పసిఫిక్ కోస్ట్ లీగ్ 26,000 డాలర్లు ఇస్తామంది. బింగ్ 2,06,000 డాలర్లు అడిగారు. అప్పటివరకు ఒక మైనర్ లీగ్ ఊరి కోసం ఎవరూ అంత ఇచ్చింది లేదు. చిన్న టీమ్ ఓనర్లు సాధారణంగా ఇచ్చింది తీసుకుని వెళ్లిపోతారు. ఈయన వెళ్లలేదు. గొడవ మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది.

బింగ్ వాదన చాలా సూటిగా ఉంది. మీరు వెళ్లిపోయినప్పుడు ఈ ఊరికి విలువ లేదు. ఇప్పుడు విలువ ఉంది కాబట్టే మళ్లీ వస్తున్నారు. ఆ విలువ పెంచింది మేము. తీర్పు ఆయన వైపే వచ్చింది. అడిగిన 2,06,000 డాలర్లూ ఇవ్వాల్సిందే అన్నారు.

మావెరిక్స్ గెలిచిన అతిపెద్ద మ్యాచ్ ఇదే అనొచ్చు. కానీ ఈ గెలుపుతోనే టీమ్ ముగిసింది. 1978లో బీవర్స్ పోర్ట్‌ల్యాండ్‌కి తిరిగొచ్చింది. మావెరిక్స్ ఆటగాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. చాలామందికి ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అదే ఆఖరు.

ఇంతకీ తిరిగొచ్చిన బీవర్స్ ఏమైంది?

ఈ స్టోరీలో అసలు ట్విస్ట్ ఇక్కడుంది. ఊరు మాదే అని పట్టుబట్టి వచ్చిన పసిఫిక్ కోస్ట్ లీగ్, 1993 సీజన్ తర్వాత మళ్లీ పోర్ట్‌ల్యాండ్ వదిలేసింది. ఆ టీమ్ సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. 2001లో అదే బీవర్స్ పేరుతో ఇంకో టీమ్ వచ్చింది. 2010 తర్వాత అది కూడా వెళ్లిపోయింది. మావెరిక్స్ ఆడిన స్టేడియాన్ని ఇప్పుడు ప్రావిడెన్స్ పార్క్ అంటున్నారు. అక్కడ ఇప్పుడు జరిగేది ఫుట్‌బాల్. పోర్ట్‌ల్యాండ్ టింబర్స్, థార్న్స్ టీమ్‌లకి అది సొంత గ్రౌండ్.

పోర్ట్‌ల్యాండ్ పక్కనే ఉన్న హిల్స్‌బరో పేరు ఇంటెల్ పుణ్యమా అని మన తెలుగువాళ్లకి బాగానే తెలుసు. 2013 నుంచి అక్కడ హిల్స్‌బరో హాప్స్ అనే టీమ్ ఆడుతోంది. అది కూడా ఒక పెద్ద టీమ్‌కి అనుబంధమే.

మరి ఇండిపెండెంట్ టీమ్‌ల పరిస్థితి? 1993లో నార్తర్న్ లీగ్ మొదలవడంతో అవి మళ్లీ లేచి నిలబడ్డాయి. ఆ లీగ్‌లో మిన్నెసోటాకి చెందిన సెయింట్ పాల్ సెయింట్స్ సూపర్ హిట్ అయింది. అప్పటి ఓనర్లలో నటుడు బిల్ ముర్రే కూడా ఒకరు. ఆ టీమ్ సక్సెస్ ఎంతలా ఉందంటే 2021లో మేజర్ లీగ్ టీమ్ మిన్నెసోటా ట్విన్స్ దాన్ని తన అనుబంధ టీమ్‌గా చేసుకుంది. అదే సమయంలో మేజర్ లీగ్ తన అనుబంధ టీమ్‌లని 160 నుంచి 120కి తగ్గించేసింది. నలభై ఊళ్లకి ఒక్కసారిగా పైనుంచి వచ్చే అండ పోయింది. వాటిలో కొన్ని ఇండిపెండెంట్ లీగ్‌ల వైపు వెళ్లాయి.

ఇక కాలిఫోర్నియాలోని ఓక్లండ్ సంగతి చూస్తే మావెరిక్స్ కథ రిపీట్ అయినట్టే అనిపిస్తుంది. అక్కడి మేజర్ లీగ్ టీమ్ 2024 సీజన్ తర్వాత ఊరు వదిలేసింది. టీమ్ వెళ్లిపోతుందని తెలిశాక స్థానికులు ముందే ఓక్లండ్ బాలర్స్ అనే ఇండిపెండెంట్ టీమ్‌ని పెట్టుకున్నారు.

గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే..

బింగ్ రస్సెల్ 2003లో చనిపోయారు. ఆయన మనవళ్లు చాప్‌మన్ వే, మెక్లైన్ వే తాతగారి టీమ్ మీద 'ది బ్యాటర్డ్ బాస్టర్డ్స్ ఆఫ్ బేస్‌బాల్' అనే డాక్యుమెంటరీ తీశారు. 2014లో అది నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఇదే అన్నదమ్ములు తర్వాత 2018లో 'వైల్డ్ వైల్డ్ కంట్రీ' తీశారు. ఓషో రజనీష్ ఇదే ఒరెగాన్‌లో కట్టిన ఆశ్రమ నగరం గురించి మన దగ్గర చాలామంది చూసిన సిరీస్ అది. ఆ సిరీస్ చూసి ఒరెగాన్ గురించి తెలుసుకున్నవాళ్లకి ఈ బేస్‌బాల్ సినిమా కూడా నచ్చుతుంది.

మావెరిక్స్ కథని ఓడిపోయిన టీమ్ కథ అనలేం. గెలిచిన టీమ్ కథ అని కూడా పూర్తిగా అనలేం. పెద్ద టీమ్‌లు నడిపే సిస్టమ్‌లో ఒక ఆటగాడు పైకి వెళ్తేనే లెక్క. లేకపోతే అతను ఫెయిల్ అయినట్టే. మావెరిక్స్‌లో ఆ లెక్క లేదు. ఇక్కడ, ఈ ఊళ్లో, ఈ సాయంత్రం ఆడిన ఆటే అసలు ఆట. జనం కూడా రేపటి స్టార్ ఎవరో చూడ్డానికి రాలేదు. తమ టీమ్‌ని చూడ్డానికి వచ్చారు.

ఊరి విలువ ఎంత అన్న ప్రశ్నకి మధ్యవర్తి 2,06,000 డాలర్లు అని జవాబు చెప్పాడు. ఆ డబ్బు ఓనర్‌కి అందింది. ఇంకొక్క సీజన్ ఆడదామనుకున్న ఆ ముప్పై మందికి మాత్రం మరో మావెరిక్స్ దొరకలేదు.